దాదాసాహెబు ఫాల్కే

గోదావరీనది పుట్టినచోటు త్ర్యంబకము. నాసిక నగరమునకు పడమట, సహ్యాద్రి కొండల నడుమనున్న ఆ చిన్న పుణ్యక్షేత్రములో 1870వ సంవత్సరము ఏప్రిలు 30వ తేదీన ధుండిరాజ్ గోవింద ఫాల్కే జన్మించెను. దేశమంతయు తరువాతికాలమున ఆయనను దాదాసాహెబు ఫాల్కే యని పిలిచినది.

తండ్రి సంస్కృత పండితుడు. ఆయనకు బొంబాయిలోని విల్సను కళాశాలలో ఉద్యోగము లభించుటచే కుటుంబము ఆ నగరమునకు తరలిపోయెను. పండితుని యింట పుట్టిన బాలుడు పండితుడు కావలయునని పెద్దలు కోరుట సహజము. కాని ఫాల్కే మనస్సు శ్లోకములకంటె బొమ్మలయందే నిలిచెను. ఆ సంగతి కనిపెట్టి పెద్దలు ఆయనను 1885లో జె. జె. కళాశాలలో చేర్చిరి. అచ్చటినుండి ఆయన బరోడాకు పోయి, కళాభవనమున చిత్రలేఖనము, మూర్తులు మలచుట, ఛాయాగ్రహణము అభ్యసించెను.

అటుపిమ్మట ఇరువది యేండ్లు ఫాల్కే చేయని పని లేదు. గోధ్రాలో ఫొటోలు తీయు దుకాణము పెట్టెను. అచ్చట ప్లేగు వ్యాధి సోకి భార్యయు బిడ్డయు మరణించిరి. ఆ దుఃఖముతో ఆ యూరు విడిచెను. కొంతకాలము ఇంద్రజాలము నేర్చి, తన పేరును వెనుకనుండి చదివి ప్రొఫెసరు కెల్ఫా యను పేరుతో ప్రదర్శనము లిచ్చెను. పురావస్తుశాఖలో ఉద్యోగము చేసెను. స్వదేశీ ఉద్యమము చెలరేగిన దినములలో ప్రభుత్వపు కొలువు వదలి, లోనావాలాలో ముద్రణాలయము స్థాపించెను. రవివర్మ చిత్రముల ముద్రణతో ఆయనకు సంబంధము కలిగినది ఆ కాలముననే. రంగుల అచ్చునకు తగిన యంత్రములు కొనుటకు 1909లో జర్మనీకి పోయి వచ్చెను. కాని భాగస్వాములతో పొత్తు కుదరలేదు. తాను పెంచిన ముద్రణాలయమును తానే విడిచి బయటికి వచ్చునప్పటికి ఆయనకు నలువది యేండ్లు. రెండవ భార్య సరస్వతీబాయి, పిల్లలు. చేతిలో పని లేదు.

చూచువారికి ఇది నిలుకడలేని జీవితముగా తోచియుండును. బంధువులకు అట్లే తోచినది. కాని చిత్రలేఖనము, ఛాయాగ్రహణము, రసాయనముల వాడుక, అచ్చుపని, గారడీ యనునవి అన్నియు ఒక్కచోట కూడవలసిన విద్య యొకటి అప్పటికే ఐరోపాఖండమున పుట్టియుండెను. 1896వ సంవత్సరము జూలై 7వ తేదీన బొంబాయిలోని వాట్సను హోటలునందు లూమియేరు సోదరుల మనుష్యులు కదలెడు బొమ్మలను తెరపై చూపిరి. ఆ తరువాత పదునైదేండ్లలో అట్టి ప్రదర్శనములు నగరమున సామాన్యమైనవి. ప్రజలు డేరాలలో కూర్చుండి సముద్రపు అలలను, రైలుబండ్లను, తెల్లవారి హాస్యములను చూచి సంతసించుచుండిరి. ఆ బొమ్మలు ఎట్లు తయారగునో తెలిసినవారు మాత్రము దేశమున మిక్కిలి అరుదు.

1910-11 సంవత్సరముల నడుమ ఒకనాడు ఫాల్కే గిర్‌గాం పేటలోని ఒక ప్రదర్శనశాలలో క్రీస్తు జీవితమునుగూర్చిన చిత్రమును చూచెను. తెరపై క్రీస్తు చరిత్ర సాగుచుండగా ఆయన మనస్సునకు గోకులము, శ్రీకృష్ణుడు, అయోధ్య, శ్రీరాముడు కనబడిరి. మన దేవతలను మన మనుష్యులు ఈ తెరపై ఎప్పుడు చూతురను తలంపు ఆయనను విడువలేదు. మఱల భార్యతో కలిసి పోయి ఆ చిత్రమునే చూచెను. ఇంటికి వచ్చినపిమ్మట ఆయనకు వేరు ఆలోచన లేదు.

కోరిక కలుగుట సులభము. ఆ విద్యను నేర్పువా డెవడు? గురువు లేడు, బడి లేదు, దేశభాషలలో ఒక్క పుస్తకము లేదు. ఆ వృత్తికి సంబంధించిన మాటలలో నొక్కదానికైనను మన భాషలలో పేరు లేదు. ఫాల్కే ఇంగ్లీషు పుస్తకములు, వ్యాపారుల ధరలపట్టికలు తెప్పించి చదివెను. ఒక చిన్న యంత్రమును, కొన్ని ఫిల్ము ముక్కలను కొని, రాత్రివేళ క్రొవ్వొత్తి వెలుగుతో గోడపై బొమ్మలు వేసి చూచెను. ప్రతిదినము గంటలకొలది ప్రదర్శనశాలలలో కూర్చుండెను. రెండు మూడు గంటలకంటె నిద్ర లేదు. ఇట్లు నెలలు గడచెను.

ఇంతకు ఆయన నేర్వవలసిన దేమి? తెరపై కదలుచున్నట్లు కనబడు బొమ్మ నిజమునకు కదలదు. ఫిల్ము అనునది 35 మిల్లీమీటర్ల వెడల్పుగల పొడవైన పట్టీ. దానిపై ఒకదానిక్రింద నొకటిగా చిన్నచిన్న నిశ్చలచిత్రము లుండును. వానిలో నొక్కొక్కదానికి ఫ్రేము అని పేరు. అడుగు పొడవు ఫిల్ములో 16 ఫ్రేములు పట్టును. గుఱ్ఱము పరుగును చిత్రించినచో, ఒక ఫ్రేములో దాని కాలు నేలపై నుండును. తరువాతిదానిలో కొంచెము లేచియుండును. ఆ తరువాతిదానిలో మఱికొంచెము. ఒక్కొక్క ఫ్రేమును తెరపై క్షణకాలము నిలుపవలెను. ఫిల్ము జరుగునపుడు కాంతిని ఒక మూతతో మాటుపఱచవలెను. దాని పేరు షట్టరు. సెకనునకు పదునాఱు బొమ్మలు ఈ విధముగా వచ్చినచో మన కన్నును మెదడును వానిని విడదీయలేవు. గుఱ్ఱము పరుగెత్తుచున్నట్లే కనబడును.

ఆ కాలపు కెమెరాకు విద్యుచ్ఛక్తి లేదు. ప్రక్కనున్న పిడిని చేతితో త్రిప్పవలెను. ఒక చుట్టునకు ఎనిమిది ఫ్రేములు జరుగును. కనుక సెకనునకు రెండు చుట్లు. చేయి తొందరపడినచో తెరపై మనుష్యులు మెల్లగా నడతురు. చేయి మందగించినచో పరుగులెత్తుదురు. నటుడు ఏడ్చుచున్నను, ఎదుట గుడిసె తగులబడుచున్నను, కెమెరా త్రిప్పువాని చేయి తాళము తప్పరాదు.

ఇంత శ్రమకు ఆయన కన్నులు తాళలేదు. చూపు మందగించి, తుదకు కొన్నాళ్ళు ఏమియు కనబడని స్థితి వచ్చెను. బొమ్మలనే నమ్ముకొన్నవానికి ఇంతకంటె కష్ట మేమున్నది? సరస్వతీబాయి ధైర్యము విడువలేదు. ఒక నేత్రవైద్యుడు ఓర్పుతో చికిత్సచేసి, వేరువేరు కండ్లద్దములు మార్చిమార్చి యిచ్చి, ఆయన చూపును నిలిపెను. చూపు వచ్చిన వెంటనే ఫాల్కే మఱల ఆ పనికే పూనుకొనెను. మిత్రులలో కొందఱు ఆయనకు మతి చలించినదని తలంచిరి.

పుస్తకములవలన తెలిసినది చాలదని, కన్నులార చూడవలయునని ఆయన నిశ్చయించుకొనెను. తన జీవితభీమా పత్రములను తాకట్టు పెట్టి పదివేల రూపాయలు తెచ్చెను. 1912వ సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీన ఓడనెక్కి లండను చేరెను. అచ్చట తెలిసినవా రెవరును లేరు. వీధిలో నడచుచుండగా బయాస్కోప్ అను సినిమా వారపత్రిక కార్యాలయపు పేరుపలక కంటబడెను. ఆ పత్రికను ఆయన బొంబాయిలో చదువుచుండెడివాడు. లోపలికి పోయి సంపాదకునకు తన కోరిక తెలిపెను. ఇంగ్లండులోనే ఈ వ్యాపారమున ననేకులు చెడిపోయిరనియు, హిందూదేశపు వాతావరణము దీనికి అనుకూలింపదనియు ఆ సంపాదకుడు మొదట వారించెను. కాని వచ్చినవాని పట్టుదల చూచి మనస్సు మార్చుకొని, వాల్టను గ్రామమునందలి సెసిల్ హెప్‌వర్తు అను ప్రసిద్ధ చిత్రనిర్మాతకు ఆయనను పరిచయము చేసెను. హెప్‌వర్తు తన స్టూడియోలోని విభాగము లన్నియు చూపించెను.

ఫాల్కే అచ్చట చూచినవానిలో కొన్ని ఆయనకు క్రొత్తవి కావు. వెలుతురు తగిలిన ఫిల్మును చీకటిగదిలో రసాయనద్రవములలో కడిగినప్పుడు మొదట నెగెటివు వచ్చును. అందు తెల్లని వస్త్రము నల్లగను, నల్లని జుట్టు తెల్లగను కనబడును. దానిని మఱియొక ఫిల్ముతో చేర్చి వెలుతురు చూపి కడిగినప్పుడు పాజిటివు వచ్చును. తెరపై చూపునది ఈ పాజిటివే. ఒక్క నెగెటివునుండి ఎన్ని పాజిటివులనైనను అచ్చొత్తవచ్చును. ఫొటోలు తీసినవానికి, అచ్చుపని యెఱిగినవానికి ఈ సూత్రము వివరింపనక్కఱలేదు. ఫొటో ఒకటి, ఫిల్ము వేలకొలది ఫొటోలు. అంత పొడవైన దానిని మడతపడకుండ, గీతపడకుండ, ఒకే ఛాయ వచ్చునట్లు కడుగుట యెట్లో ఆయన అచ్చట గ్రహించెను. విలియమ్సను అను సంస్థ చేసిన కెమెరాను ఏబది పౌనులకు కొని, ఫిల్మునకు రంధ్రములు వేయు యంత్రమును, ముడిఫిల్మును పంపుటకు ఏర్పాటుచేసి, ఏప్రిలు 1వ తేదీనాటికి బొంబాయి చేరెను. రెండు నెలలలో ముగిసిన విద్యాభ్యాస మిది.

దాదరులోని వారి యిల్లే స్టూడియో. ఒక గది చీకటిగది. వంటయిల్లు కార్యాలయమునకు ప్రక్కన. అప్పుడు ముడిఫిల్ము అంచులకు రంధ్రములు లేకుండ వచ్చుచుండెను. ఒక్కొక్క ఫ్రేమునకు ఇరువైపుల నాలుగేసి రంధ్రము లుండవలెను. కెమెరాలోని పండ్లు వానిని పట్టుకొని ఫిల్మును లాగును. రంధ్రములు వెంట్రుకవాసి తప్పినను బొమ్మ తెరపై వణకును. వెలుతురు సోకినచో ఫిల్ము పాడగును గనుక ఈ పని చీకటిలో చేతితడవుననే జరుగవలెను. ఈ పనిని సరస్వతీబాయి నేర్చెను. పగలు పిల్లలను చూచుకొని, పనివారికందఱకు వండిపెట్టి, రాత్రి చీకటిగదిలో కూర్చుండి ఫిల్మునకు రంధ్రములు వేసెడిది. రసాయనములు కలుపుట, ఫిల్ము కడుగుట సైతము ఆమెకు అలవడెను. తరువాత తయారైన చిత్రము 3,700 అడుగులు. అడుగునకు 16 ఫ్రేములు, ఫ్రేమునకు 8 రంధ్రములు చొప్పున లెక్కవేసినచో ఆ ఒక్క చిత్రపు నెగెటివునకే నాలుగు లక్షల డెబ్బది వేలకు మించిన రంధ్రములు పట్టును. మన దేశపు చలనచిత్రచరిత్రలో మొదట వ్రాయవలసిన పేర్లలో ఆమె పేరొకటి. చాలకాలము ఎవరును దానిని తలంపలేదు.

చిత్రము తీయుటకు ధనము కావలెను. ఎవరును చూడని విద్యను నమ్మి అప్పిచ్చువా రెవరు? ఫాల్కే ఒక ఉపాయము పన్నెను. ఒక కుండీలో బఠానీ గింజలు నాటి, దాని యెదుట కెమెరాను కదలకుండ నిలిపి, దినదినము కొంచెము కొంచెముగా సుమారు నెలదినములు చిత్రించెను. తెరపై వేసి చూపగా గింజ మొలకెత్తి, ఆకు విప్పి, తీగ సాగుట నిమిషమాత్రములో జరిగిపోయెను. గారడీ చేయువానికి కాలమును మ్రింగుట తెలియదు. కెమెరా పట్టినవానికి తెలియును. ఆ బఠానీ మొక్క అప్పు పుట్టించెను. అదియు చాలనప్పుడు సరస్వతీబాయి తన నగలు తీసి యిచ్చెను.

కథగా ఫాల్కే హరిశ్చంద్రోపాఖ్యానమును ఎన్నుకొనెను. తెలుగుదేశమున నాటకములుగా ఆడి, హరికథలుగా చెప్పి, పసిపిల్లలకు సైతము తెలిసిన కథ యిది. మనము చంద్రమతి యని పిలుచు రాణిని మహారాష్ట్రులు తారామతి యందురు. లోహితాస్యుని రోహితాశ్వు డందురు. సన్నివేశములుగా కథను విడదీసి, ఏది ముందు, ఏది వెనుక, ఎచ్చట తీయవలయునను విషయమును ఆయనయే వ్రాసికొనెను. దుస్తులు, తెరలు, భవనముల బొమ్మలు ఆయన గీసెను. కెమెరా త్రిప్పుటను త్ర్యంబక తెలంగు అను మిత్రునకు నేర్పెను. హరిశ్చంద్రుడుగా దత్తాత్రేయ దబ్కే కుదిరెను. సినిమాలో పనిచేయుట తలవంపులని యెంచు దినములవి. అందుచేత తాము హరిశ్చంద్రుని ఫ్యాక్టరీలో పనిచేయుచున్నామని ఇతరులతో చెప్పుడని ఫాల్కే తన నటులకు సలహా యిచ్చెనట!

అన్నింటికంటె గడ్డుసమస్య తారామతి. కులస్త్రీలమాట యటుండగా, పాటలు పాడి జీవించు స్త్రీలు సైతము కెమెరా యెదుట నిలుచుట కంగీకరింపలేదు. విసిగి ఫాల్కే ఒకనాడు గ్రాంటురోడ్డులోని భోజనశాలలో కూర్చుండగా, సన్నని వ్రేళ్ళు, కోమలమైన రూపముగల వంటవా డొకడు కంటబడెను. అతని పేరు అన్నా సాళుంకే. అతడే తారామతి యయ్యెను. ఆడువేషములు వేయు తక్కిన పురుషులతో మీసముల తగవు వచ్చెను. తండ్రి చనిపోయినప్పుడుగాని మీసము తీయరాదను ఆచారము వారిది. వారిని ఒప్పించుటకు ఎక్కువ మాటలు కావలసివచ్చెను. రోహితాశ్వుడుగా తన కుమారుడు భాలచంద్రునే ఫాల్కే నిలిపెను.

దీపములతో చిత్రించుటకు శక్తి లేదు. సూర్యుడున్నంతసేపే పని. తెల్లని దుప్పట్లను ఎండలో చాచి పట్టి, ఆ వెలుగు నటుల ముఖములపై పడునట్లు చేసెడివారు. ఆ దుప్పట్లు పట్టినవారిలో సరస్వతీబాయియు నుండెను. ఒక పల్లెలో చిత్రించుచుండగా కత్తులు, బల్లెములు చూచి జనులు వీరిని బందిపోట్లనుకొనిరనియు, పోలీసులు వచ్చి పట్టుకొనగా ఫాల్కే ఒక సన్నివేశమును ఆడించి చూపి వారిని విడిపించుకొనెననియు చెప్పుదురు. భాలచంద్రుడు రాళ్ళపై పడి తలకు గాయమై స్మృతి తప్పెనట. పని యాపి బొంబాయికి పోదమని అందఱు కోరిరి. కాని రోహితాశ్వుడు మరణించిన సన్నివేశమును తండ్రి ఆ స్థితిలోనే చిత్రించెనని యొక కథనము. ఇది నిజమైనచో తండ్రి మనస్సెట్లుండెనో ఊహించుట కష్టము. మెచ్చుకొనుట ఇంకను కష్టము.

కెమెరాను ఒక్కమాఱు త్రిప్ప నారంభించి ఆపువఱకు వచ్చిన భాగమును షాటు అందురు. షాట్లను కత్తిరించి, అతికి, కథగా కూర్చుటయే ఎడిటింగు. రాజు అడవిలో నడచుచుండును; తరువాత విశ్వామిత్రుని ముఖము. ఈ రెండును వేఱువేఱు దినములలో తీసినవే కావచ్చును. ప్రక్కప్రక్కన చేర్చినప్పుడు రాజు మునిని చూచుచున్నట్లు మనము గ్రహింతుము. 1912లో ఫాల్కే చిత్రముకంటె ముందు బొంబాయిలో పుండలీక అను చిత్రము ప్రదర్శింపబడిన మాట నిజమే. అది ఆడుచున్న నాటకమును కెమెరాతో పట్టినది. దానిని లండనులో కడిగించిరి. కథను షాట్లుగా తీసి, కడిగి, కూర్చి, సమస్తమును ఇచ్చటనే చేసినవాడు ఫాల్కే. గారడీవిద్యయు వ్యర్థము కాలేదు. కెమెరాను ఆపి, మనుష్యుని ప్రక్కకు జరిపి, మఱల త్రిప్పినచో తెరపై అతడు మాయమగును. ఒకే ఫిల్మును రెండుమాఱులు కెమెరాలో నడిపినచో మంటలలో మనుష్యులు కనబడుదురు. శివుడు ప్రత్యక్షమగుట మొదలగు మాయ లన్నియు ఈ విధముగా చేసినవే. చిత్రము మూకీ గనుక, సంగతి తెలుపు వాక్యములను హిందీలోను ఇంగ్లీషులోను పలకలపై వ్రాసి చిత్రించి, సన్నివేశముల నడుమ కూర్చెను.

ఆఱు నెలల ఇరువదియేడు దినములకు రాజా హరిశ్చంద్ర పూర్తియయ్యెను. 1913వ సంవత్సరము ఏప్రిలు 21వ తేదీన ఒలింపియా థియేటరులో పెద్దలకు చూపి, మే 3వ తేదీన గిర్‌గాంలోని కారోనేషను సినిమాటోగ్రాఫునందు ప్రజల యెదుట ప్రదర్శించెను. జనులు విరగబడి వచ్చిరి.

సూరతు పట్టణములో మాత్రము మొదట జనము రాలేదు. రెండణాలకు ఆఱుగంటల నాటకము చూడగల ఊరిలో, మూడణాలిచ్చి గంటసేపటి బొమ్మలు చూచువా రెవరని థియేటరువాడు వగచెను. వెంటనే ఫాల్కే ప్రకటన మార్చెననియు, 57,000 ఫొటోలుగల ప్రదర్శనము, రెండుమైళ్ళ పొడవుగల చిత్రము, అంతయు మూడణాలకే యని వ్రాయించెననియు, ఆపై థియేటరు నిండిపోయెననియు అందురు. లెక్క తెలిసిన విద్యార్థులు దీనిని పరీక్షింపవచ్చును. 3,700 అడుగులకు 59,200 ఫ్రేములు. ఫొటోల మాట ఇంచుమించు సరియే. కాని 3,700 అడుగులు ముప్పాతిక మైలైనను కాదు. రెండు మైళ్ళనుట వ్యాపారపు మాట.

అదే సంవత్సరము ఫాల్కే స్టూడియోను నాసికకు తరలించెను. మోహినీ భస్మాసుర చిత్రమున దుర్గాబాయి కామత్, ఆమె కుమార్తె కమలాబాయి నటించిరి. భారతీయ చిత్రములో స్త్రీలు నటించుట అదే మొదలు. 1914లో మూడు చిత్రములతో మఱల లండనుకు పోయి చూపగా అచ్చటివారు మెచ్చిరి. అచ్చటనే యుండి చిత్రములు తీయుమని కోరిరి. ఆయన ఒప్పుకొనక స్వదేశమునకు వచ్చెను. ఇంతలో ఐరోపాలో యుద్ధము రగిలి, ముడిఫిల్ము దొరకుటయు అప్పు పుట్టుటయు కష్టమైపోయెను. 1917లో లంకాదహనము వెలువడినప్పుడుగాని ఆయన కుదుటపడలేదు. అందు అన్నా సాళుంకే రాముడు, సీత రెండు పాత్రలును ధరించెను. చూచువారు పాదరక్షలు విడిచి తెరకు నమస్కరించిరట. మద్రాసులో ఆ చిత్రమునకు వసూలైన నాణెములను ఎడ్లబండిలో కెత్తి, పోలీసుల కాపుదలతో తరలించిరని చెప్పుదురు.

ఆ కాలముననే ఆయన విలువైన పని యొకటి చేసెను. సినిమా యనగా మాయ యని జనులు తలంచుచుండగా, చలనచిత్రము లెట్లు తయారగునో తెలుపు చిన్న చిత్రమును తీసెను. మరాఠీ పత్రికలో వ్యాసములు వ్రాసి తన యనుభవములను వివరించెను. గారడీవాడు తన రహస్యము చెప్పడు. ఫాల్కే కష్టపడి సంపాదించిన రహస్యమును దేశమంతటికి విప్పి చెప్పెను. 1918లో ధనవంతులు చేరగా హిందూస్థాన్ సినిమా ఫిల్ముల కంపెనీ యేర్పడెను. శ్రీకృష్ణజన్మ, కాళీయమర్దనము ఆ సంస్థ చిత్రములే. రెండవదానిలో బాలకృష్ణుడుగా నటించినది ఆయన కుమార్తె మందాకిని.

తరువాతి కథ చెప్పుటకు అంత ఉత్సాహము కలుగదు. ఆయన ఖర్చు చూచి భాగస్వాములు సహింపలేదు. వారి లెక్కలు ఆయనకు సహ్యము కాలేదు. విసిగి కాశికి పోయి నాటకము వ్రాసెను. మఱల తిరిగి వచ్చెను. 1931లో మాటాడు చిత్రములు వచ్చునప్పటికి ఆయనకు అఱువదియొక యేడు. ఫ్రేముల వేగము మాఱెను; కెమెరా పిడి పోయి మోటారు వచ్చెను; ఎండ పోయి దీపములు వచ్చెను. 1932లో తీసిన సేతుబంధనము మూకీయే. తరువాత దానికి ధ్వని చేర్చిరి. 1937లో కొల్హాపూరునందు గంగావతరణము తీసెను. అది ఆయన మాటలచిత్రములలో మొదటిదియు కడపటిదియు. తొంబదికి మించిన చిత్రములు తీసినవానికి వార్ధక్యమున సంపద మిగులలేదు. 1944వ సంవత్సరము ఫిబ్రవరి 16వ తేదీన నాసికలో ఆయన మరణించెను.

1969లో భారతప్రభుత్వము ఆయన పేర చలనచిత్రరంగపు అత్యున్నత పురస్కారమును నెలకొల్పినది. తెలుగు దర్శకుడు బి. ఎన్. రెడ్డికి 1974వ సంవత్సరపు పురస్కారము లభించినది. ఫాల్కే తీసిన చిత్రములలో పెక్కులు నశించినవి. నాటి ఫిల్ము నిప్పు సోకినచో భగ్గుమనును; సోకకున్నను కాలక్రమమున పొడియై రాలును. పూనాలోని జాతీయ చలనచిత్ర భాండాగారములో రాజా హరిశ్చంద్ర మొదటి రీలును కడపటి రీలును భద్రముగా నున్నవి. అవి 1917లో ఆయన మఱల తీసిన చిత్రమునకు చెందినవని పలువురు చరిత్రకారుల యభిప్రాయము. చలనచిత్రము లెట్లు తయారగునో తెలుపు చిన్న చిత్రములోని కొంతభాగమును దక్కినది. అందు ఫాల్కే నటులకు వేషము నేర్పుచు, ఫిల్ము ముక్కను చేతపట్టి పరీక్షించుచు కనబడును.